వ్యవసాయ విమానాల టేకాఫ్ ప్రమాదాలు: కారణాలు – నివారణ మార్గాలు

పంటలపై పురుగుమందులు చల్లడం, పచ్చిక భూములపై ఎరువులు వెదజల్లడం, నీరు నిలిచిన మళ్లలో వరి విత్తనాలు జల్లడం వంటి పనులకు అనేక దేశాలు ప్రత్యేకంగా రూపొందించిన చిన్న విమానాలను వినియోగిస్తున్నాయి. పైరుకు అతి సమీపంగా ఎగరవలసి రావడం వల్ల వీటికి విద్యుత్ తీగలు, చెట్ల నుండి ముప్పు పొంచి ఉంటుందన్నది తెలిసిన విషయమే. అయితే పొలం చేరకముందే, నేల విడిచే క్షణాల్లోనే మరొక ముప్పు ఎదురవుతుంది. అదే టేకాఫ్ ప్రమాదం.

ఇటువంటి ప్రమాదం జరిగిన వెంటనే "పైలట్ తప్పిదం" అన్న మాట వినిపించడం పరిపాటి. వాస్తవానికి విమానం ఎంత బరువు మోయాలి, ఏ రన్‌వే నుండి ఎగరాలి, ఏ వేళలో ఎగరాలి అన్న నిర్ణయాలన్నీ చక్రాలు కదలకముందే జరిగిపోతాయి. వాటిలో కొన్ని పూర్తిగా పైలట్ చేతిలో ఉండవు. మందు నింపే సిబ్బంది, రన్‌వేను సమకూర్చే భూ యజమాని, పని త్వరగా ముగియాలని కోరే సంస్థ, అనుమతులు ఇచ్చే అధికారులు – వీరందరికీ అందులో పాత్ర ఉంటుంది. కనుక టేకాఫ్ ప్రమాదాల నివారణ ప్రధానంగా నేలపై జరగవలసిన పని. ఈ అంశంపై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు అవగాహన కల్పించే ఉద్దేశంతో ముఖ్య విషయాలను ఇక్కడ వివరించడమైనది.

నూరేళ్లు దాటిన చరిత్ర

1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణ సమీపంలో గొంగళి పురుగులు ఆశించిన కటాల్పా చెట్ల తోపుపై సైనిక పైలట్ జాన్ మెక్రెడీ కర్టిస్ విమానం నుండి లెడ్ ఆర్సినేట్ పొడిని చల్లారు. విమానం ద్వారా పురుగుమందు చల్లడంలో తొలి విజయవంతమైన ప్రయోగంగా దీనిని పరిగణిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మిగిలిన శిక్షణ విమానాలు ఈ పనికి మళ్లాయి. న్యూజిలాండ్‌లో 1949 నుండి టైగర్ మాత్ విమానాలతో కొండవాలు పచ్చిక భూములపై సూపర్ ఫాస్ఫేట్ చల్లడం వాణిజ్య స్థాయిలో మొదలైంది. ఆ దేశ అవసరాలను దృష్టిలో ఉంచుకొని అమెరికాలో రూపుదిద్దిన ఫ్లెచర్ ఎఫ్.యు.-24 విమానం 1954లో తొలిసారి ఎగిరింది.

మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్.ఏ.ఎల్.) ఇదే అవసరం కోసం 'బసంత్' అనే వ్యవసాయ విమానాన్ని రూపొందించింది. దాని మెరుగుపరచిన నమూనా 1972 మార్చిలో తొలిసారి గగనయానం చేసింది. మొత్తం 39 బసంత్ విమానాలు తయారయ్యాయి.

టేకాఫ్ ఎందుకు కీలకం

ప్రయాణికుల విమానం పొడవైన కాంక్రీటు రన్‌వే నుండి, వాతావరణ సమాచారంతో, లెక్కించిన బరువుతో ఎగురుతుంది. వ్యవసాయ విమానం పరిస్థితి వేరు. పొలానికి దగ్గరగా ఉన్న గడ్డినేల, మట్టి బాట, కొన్నిచోట్ల పొలాల మధ్యనున్న రోడ్డే దానికి రన్‌వే. ఒకసారి నింపిన మందు కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. వెంటనే దిగి, మళ్లీ నింపుకొని, మళ్లీ ఎగరాలి. పని ముమ్మరంగా సాగే రోజుల్లో ఒకే పైలట్ పదుల సంఖ్యలో టేకాఫ్‌లు చేయవలసి వస్తుంది. సమయం ఆదా చేయడానికి ఇంజన్ ఆపకుండానే మందు నింపడం కూడా వాడుకలో ఉంది.

విమానం అత్యధిక బరువుతో ఉండేది టేకాఫ్ సమయంలోనే. వేగం అతి తక్కువగా, ఎత్తు దాదాపు శూన్యంగా ఉండేదీ అప్పుడే. ఆ స్థితిలో ఇంజన్ శక్తి తగ్గినా, గాలి దిశ మారినా, చక్రం బురదలో దిగబడినా సరిదిద్దుకొనే వ్యవధి కొద్ది సెకన్లు మాత్రమే. పైగా ఈ విమానాల్లో అధికభాగం తోకచక్రం గలవి. పక్కగాలి వీచినప్పుడు పరుగు దశలోనే ఇవి అదుపు తప్పి పక్కకు తిరిగిపోయే అవకాశం ఎక్కువ.

మోత పెరిగితే దూరం పెరుగుతుంది

నేడు వాడుకలో ఉన్న పెద్ద వ్యవసాయ విమానాలలో ఎయిర్ ట్రాక్టర్ ఏ.టి.-802 ఒకటి. దాని హాపర్ (మందు తొట్టి) సుమారు 3,028 లీటర్లు పట్టగలదు. టేకాఫ్‌కు అనుమతించిన గరిష్ఠ బరువు సుమారు 7,257 కిలోలు. తొట్టిని నీటితో నింపితే మొత్తం బరువులో ఐదింట రెండు వంతులకు పైగా ఆ సరుకే అవుతుంది. కాబట్టి తొట్టి ఎంత నింపారన్నదే ఆ విమానం నేల విడుస్తుందా లేదా అన్నదానిని చాలావరకు నిర్ణయిస్తుంది.

బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్‌కు కావలసిన దూరం కూడా 10 శాతమే పెరుగుతుందని సామాన్యంగా భావిస్తారు. ఇది పొరపాటు. బరువు పెరిగినప్పుడు నేల విడవడానికి మరింత వేగం అవసరం. అదే సమయంలో ఆ వేగాన్ని అందుకోవడం నెమ్మదిస్తుంది. ఈ రెండూ కలిసి 10 శాతం అదనపు బరువుకు కనీసం 21 శాతం అదనపు దూరం అవసరమవుతుందని అమెరికా పౌర విమానయాన సంస్థ పైలట్ల శిక్షణ గ్రంథం తెలియజేస్తున్నది. అలాగే టేకాఫ్ వేగంలో పదోవంతుకు సమానమైన వెనుకగాలి ఉంటే దూరం 21 శాతం పెరుగుతుంది. అంతే వేగం గల ఎదురుగాలి ఉంటే 19 శాతం తగ్గుతుంది.

తొట్టిలోని సరుకు స్వభావాన్ని కూడా గమనించాలి. ద్రవాలను లీటర్లలో కొలుస్తారు. విమానం మోసేది మాత్రం కిలోలను. సాంద్రత ఎక్కువగల ద్రావణం నీటితో సమానమైన ఘనపరిమాణంలోనే ఎక్కువ బరువు తూగుతుంది. తేమ పీల్చిన ఎరువు గడ్డకట్టి, అవసరమైనప్పుడు తొట్టి నుండి జారకుండా నిలిచిపోయే ప్రమాదమూ ఉంది.

ఎండ, ఎత్తు చేసే కీడు

వేడెక్కిన గాలి పలుచబడుతుంది. పలుచని గాలిలో రెక్కలు, ప్రొపెల్లర్, ఇంజన్ మూడింటి సామర్థ్యమూ తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద ప్రామాణికంగా 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 40 డిగ్రీల వద్ద అది సుమారు 1.13 కిలోలకు, అంటే 8 శాతం మేర పడిపోతుంది. సముద్రతీరంలోనే ఉన్నా ఆ వేడిలో విమానం దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నట్లు ప్రవర్తిస్తుంది.

దక్కను పీఠభూమి ఉదాహరణతో ఇది మరింత స్పష్టమవుతుంది. హైదరాబాద్ పరిసరాలు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 1,500 మీటర్లకు పైబడిన ఎత్తులోని గాలి వలె పలుచబడుతుంది. వేగాన్ని చూపే సాధనం ఎప్పటి అంకెనే చూపుతుంది. కానీ ఆ అంకెను అందుకొనేసరికి విమానం నేలపై మరింత వేగంగా, మరింత దూరం పరుగెత్తవలసి ఉంటుంది. ఉదయం సాఫీగా ఎగిరిన మోత మధ్యాహ్నం ఎగరకపోవడానికి కారణం ఇదే. రన్‌వే అదే, విమానం అదే, పైలట్ కూడా ఆయనే. మారినది గాలి.

కూడిక కాదు, గుణకారం

చిన్న విమానాల పైలట్ల కోసం బ్రిటన్ పౌర విమానయాన సంస్థ రూపొందించిన సూచనలు ఈ అంశాలను సులభమైన లెక్కగా చూపుతాయి. వాటి ప్రకారం 50 అడుగుల ఎత్తు చేరేందుకు కావలసిన దూరం బరువు 10 శాతం పెరిగితే 20 శాతం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే 10 శాతం, తడి గడ్డి ఉంటే 30 శాతం, టేకాఫ్ వేగంలో పదోవంతు వెనుకగాలి ఉంటే 20 శాతం పెరుగుతుంది. 2 శాతం ఎగువ వాలు మరో 10 శాతాన్ని, మెత్తని నేల 25 శాతం లేదా అంతకంటే ఎక్కువను చేరుస్తాయి.

ఈ శాతాలను కూడకూడదు, గుణించాలి. మంచి పరిస్థితుల్లో 400 మీటర్లు చాలునన్న విమానాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అదనపు బరువుతో అది 480 మీటర్లు, ఎండతో 528, తడి గడ్డితో 686, వెనుకగాలితో 824 మీటర్లు అవుతుంది. ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపించే నాలుగు అంశాలు కలిసి దూరాన్ని రెట్టింపునకు పైగా పెంచాయి. శాతాలను కూడి చూసినవారికి మాత్రం 720 మీటర్లు చాలుననిపిస్తుంది. ఆ తేడా అయిన 104 మీటర్లలోనే కాలువ గట్టో, చెట్ల వరుసో, విద్యుత్ తీగో ఉంటుంది. పై లెక్కకు భద్రత కోసం మరో మూడోవంతు దూరం చేర్చాలని కూడా అదే సంస్థ సూచిస్తున్నది. అప్పుడు కావలసిన నిడివి సుమారు 1,100 మీటర్లు. అయితే ఇవి సాధారణ సూచనలు మాత్రమే. ఆయా విమానాల నిర్వహణ గ్రంథంలోని పట్టికలే ప్రామాణికం.

నేల విడిచినా గండం గడవదు

చక్రాలు లేచినంత మాత్రాన టేకాఫ్ పూర్తయినట్లు కాదు. రెక్కల పొడవు కంటే తక్కువ ఎత్తులో ఉన్నంతవరకు నేల సామీప్యం వల్ల గాలి నిరోధం తగ్గి, విమానానికి ఒక విధమైన ఆసరా లభిస్తుంది. అధిక బరువు గల విమానం సైతం ఈ ఆసరాతో నేల విడవగలదు. కానీ ఆ పొరను దాటి పైకి పోబోయేసరికి నిరోధం పెరుగుతుంది. ఇంజన్ వద్ద అదనపు శక్తి మిగిలి ఉండదు. ఎదుట అడ్డంకి కనబడగానే ముక్కును మరింత పైకెత్తడం సహజ ప్రతిస్పందన. దానివల్ల వేగం ఇంకా తగ్గి, రెక్కలు పైకి లేపే శక్తిని కోల్పోతాయి. దీనినే స్టాల్ అంటారు. ఆ ఎత్తులో స్టాల్ నుండి కోలుకొనేందుకు తగిన అవకాశం ఉండదు.

విరమించడానికీ, విడిచివేయడానికీ హద్దులు

ఈ స్థితి రాకుండా రెండు రక్షణలు ఉన్నాయి. మొదటిది సకాలంలో పరుగును విరమించడం. రన్‌వేలో సగం దాటేసరికి టేకాఫ్ వేగంలో కనీసం 70 శాతం అందకపోతే ప్రయత్నాన్ని మానుకోవాలన్నది అమెరికా పైలట్లలో స్థిరపడిన సూత్రం. రన్‌వే మధ్యలో ఒక జెండానో, రంగు గుర్తునో ఉంచితే ఈ సూత్రాన్ని పాటించడం సులువవుతుంది. ఖర్చు అత్యల్పం, ప్రయోజనం అధికం.

రెండవది తొట్టిలోని సరుకును ఒక్కసారిగా విడిచివేయడం. ఇతర విమానాలకు లేని వెసులుబాటు ఇది. న్యూజిలాండ్ నిబంధనలు నిర్దిష్ట షరతులకు లోబడి ధ్రువీకరించిన గరిష్ఠ బరువు కంటే అధిక బరువుతో టేకాఫ్‌ను అనుమతిస్తాయి. అయితే గరిష్ఠ మోతలో కనీసం 80 శాతాన్ని 5 సెకన్లలో విడిచివేయగల ఏర్పాటు ఆ విమానంలో ఉండితీరాలి. అమెరికా నిబంధనలు జనావాసాలపై పనిచేసే వ్యవసాయ విమానాలు అనుమతించిన గరిష్ఠ మోతలో కనీసం సగాన్ని 45 సెకన్లలో విడవగలగాలని నిర్దేశిస్తున్నాయి. మొదటి నిబంధన టేకాఫ్ దశను, రెండవది జనావాసాల భద్రతను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి కనుకనే గడువుల్లో ఇంత వ్యత్యాసం ఉంది.

లివర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. దానిని లాగవలసిన క్షణాన్ని పైలట్ ముందుగానే నిశ్చయించుకోవాలి. అనేక నమూనాల్లో సరుకు ఒక్కసారిగా వెలువడినప్పుడు ముక్కు పైకి లేస్తుంది. దానిని అదుపు చేసే అభ్యాసమూ అవసరం. అన్నిటికంటే ముఖ్యంగా, విడిచిన మందు ఖరీదును పైలట్ జీతం నుండి కోస్తారన్న భయం ఉండకూడదు. తొట్టిలోని మందు మళ్లీ కొనవచ్చు, పోయిన ప్రాణం తిరిగి రాదు.

విమాన నిర్మాణం నేర్పిన పాఠం

అమెరికా ఇంజనీరు ఫ్రెడ్ వీక్ 1950లో ఎగిరిన ఏ.జి.-1 విమానంతో వ్యవసాయ విమాన నిర్మాణానికి కొత్త బాట వేశారు. ఇంజన్‌కు, పైలట్‌కు నడుమ తొట్టిని ఉంచి, పైలట్ ఆసనాన్ని వెనుకగా, ఎత్తుగా అమర్చడం అందులోని విశేషం. దీనివల్ల చూపు బాగా ఆనుతుంది. విమానం నేలను తాకినా ముందుభాగం నలిగి తాకిడిని కొంతవరకు భరిస్తుంది. ఆయనే రూపకల్పన చేసిన పైపర్ పానీ, తరువాత వచ్చిన ఇతర నమూనాలు ఇదే పద్ధతిని అనుసరించాయి. తొట్టిని విమాన గరిమనాభికి చేరువగా ఉంచడంలోని ఆంతర్యం సరుకు ఖాళీ అవుతున్నా సమతుల్యం పెద్దగా చెడకపోవడమే.

ఆ సమతుల్యానికి గల ప్రాముఖ్యాన్ని న్యూజిలాండ్ సంఘటన ఒకటి ప్రపంచం దృష్టికి తెచ్చింది. 2010 సెప్టెంబరు 4న ఫాక్స్ గ్లేసియర్ వద్ద ఒక ఫ్లెచర్ విమానం టేకాఫ్ అయిన వెంటనే నిటారుగా లేచి కూలిపోయింది. అందులోని 9 మంది మరణించారు. అది పూర్వం వ్యవసాయ విమానం, తరువాత పారాచూట్ విన్యాసాల కోసం మార్పులు చేసినది. బరువు గరిమనాభి పరిమితిని దాటి వెనుకకు జరిగిందని 2012లో వెలువడిన దర్యాప్తు నివేదిక పేర్కొన్నది. తదుపరి పరిశీలనల అనంతరం 2015లో సవరించిన నివేదిక మాత్రం ఆ ఒక్క అంశమే ప్రమాదానికి దారితీసి ఉండకపోవచ్చని తెలిపింది. ఈ సంఘటన రెండు విషయాలను బోధిస్తున్నది. వ్యవసాయ విమానాన్ని వేరొక పనికి మార్చినప్పుడు బరువు లెక్కను మొదటి నుండి తిరిగి వేయాలి. నిపుణులైన దర్యాప్తు అధికారులే ఐదేళ్ల అనంతరం తమ అభిప్రాయాన్ని సవరించుకొన్నప్పుడు, మొదటి రోజే కారణాన్ని నిర్ధారించడం తగదు.

అలసట, ఒత్తిడి, శిక్షణ

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2013లో జరిగిన 78 వ్యవసాయ విమానయాన ప్రమాదాలను పరిశీలించి 2014లో ప్రత్యేక నివేదిక వెలువరించింది. ఇవి టేకాఫ్‌తో సహా అన్ని దశలకూ సంబంధించినవి. అలసట నివారణకు తగిన మార్గదర్శకాలు లేకపోవడం, ముప్పును ముందుగా అంచనా వేసే పద్ధతి కొరవడటం, విమాన నిర్వహణలో లోపాలు, పైలట్ల జ్ఞాన నైపుణ్య పరీక్షలపై స్పష్టత లేకపోవడం అనే నాలుగు అంశాలను ఆ నివేదిక ఎత్తిచూపింది.

పంటకు పురుగు పట్టిన రోజులే పైలట్‌కు పని ఒత్తిడి రోజులు. తెల్లవారుజామున గాలి నిలకడగా ఉండగా మొదలైన పని ఎండ ముదిరేవరకు సాగుతుంది. ఇరవై పర్యాయాలు క్షేమంగా లేచిన విమానం ఇరవయ్యొకటో పర్యాయమూ లేస్తుందన్న ధీమా క్రమంగా ఏర్పడుతుంది. ఈలోగా ఎండ పెరిగిందని, గాలి తిరిగిందని, నేల చితికిందని గమనించేవారు ఉండరు. అమెరికా నిబంధనలు వ్యవసాయ పైలట్ల నైపుణ్య పరీక్షలో పొట్టి రన్‌వే, మెత్తని నేలపై టేకాఫ్‌లను మొదటి అంశంగా చేర్చి, వాటిని గరిష్ఠ బరువుతోనే చేసి చూపాలని నిర్దేశించడం ఈ దృష్ట్యా గమనార్హం.

మన దేశంలో నిబంధనలు

పైనుండి మందు చల్లే పనులకు సంబంధించి 1971 నాటి కీటకనాశినుల నిబంధనలలో ప్రత్యేక ఏర్పాట్లు ఉన్నాయి. మందు చల్లే ప్రాంతాన్ని గుర్తించడం నిర్వాహకుల బాధ్యత. కనీసం 24 గంటల ముందు సంబంధిత అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయాలి. పనితో సంబంధం లేని మనుషులను, పశువులను ఆ ప్రాంతంలోకి రానీయరాదు. పైలట్లు కీటకనాశినుల దుష్ప్రభావాలపై సైతం శిక్షణ పొంది ఉండాలి. టేకాఫ్ సమయంలో మందును విడిచివేయవలసి వస్తే అది పడేది రన్‌వే చివరనే. అందుచేత ఆ వైపున నివాసాలు, బావులు, పశువుల కొట్టాలు లేకుండా చూడటం ఈ నిబంధనల స్ఫూర్తికి అనుగుణమైన జాగ్రత్త.

2020లో రాజస్థాన్‌లో మిడతల దండును అదుపు చేయడానికి హెలికాప్టర్‌తో పాటు డ్రోన్లను వినియోగించారు. 2021 డ్రోన్ నియమాలు, అదే సంవత్సరం డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ విడుదల చేసిన ప్రామాణిక విధానాల అనంతరం డ్రోన్లతో మందు చల్లడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలాలకు కూడా చేరింది. డ్రోన్‌లో మనిషి ఉండడు. అయినా మోతకు మించి నింపకపోవడం, ఎండను, గాలిని లెక్కలోకి తీసుకోవడం, లేచే చోట జనాన్ని దూరంగా ఉంచడం అన్న సూత్రాలు దానికీ వర్తిస్తాయి.

అధికారులు పరిశీలించవలసిన అంశాలు

1. ప్రతి పర్యాయం నింపిన సరుకు బరువు కిలోలలో నమోదవుతున్నదా?
2. ఆనాటి ఉష్ణోగ్రత, గాలి, నేల స్థితిని బట్టి అవసరమైన టేకాఫ్ దూరాన్ని లెక్కించారా? ఎండ పెరిగినకొద్దీ మోత తగ్గిస్తున్నారా?
3. రన్‌వే వద్ద గాలి దిశను చూపే గుడ్డసంచి, మధ్యలో విరమణ గుర్తు ఉన్నాయా?
4. రన్‌వే చివర తీగలు, చెట్లు, గట్లు, నివాసాలు ఎంత దూరంలో ఉన్నాయి?
5. తొట్టిని అత్యవసరంగా విడిచే లివర్‌ను ఆ రోజు పని మొదలుకాకముందు పరీక్షించారా?
6. పైలట్‌కు తగిన విశ్రాంతి లభించిందా? పని నిరాకరించే స్వేచ్ఛ ఉందా?
7. మందు నింపే సిబ్బందికి తిరిగే ప్రొపెల్లర్ నుండి, రసాయనాల నుండి రక్షణ ఉందా?

పాత్రికేయులకు గమనిక

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనావళిలోని 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు ఏకైక లక్ష్యం భవిష్యత్ ప్రమాదాల నివారణ. నిందను లేదా బాధ్యతను నిర్ణయించడం దాని పని కాదు. మన దేశంలో ఈ దర్యాప్తులను విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ నిర్వహిస్తుంది. తుది నివేదిక వెలువడేలోగా వార్త రాసేవారు విమానం ఎంత బరువుతో ఉన్నది, ఉష్ణోగ్రత ఎంత, గాలి ఎటు వీచింది, రన్‌వే నిడివి ఎంత, నేల తడిగా ఉన్నదా, మందును విడిచే ప్రయత్నం జరిగిందా, అది ఆనాడు ఎన్నో టేకాఫ్ అన్న ప్రశ్నలను అడగడం ఉచితం. ఈ ప్రశ్నల సమాధానాలు "పైలట్ తప్పిదం" అన్న రెండు మాటల కంటే పాఠకునికి ఎక్కువ విషయం తెలియజేస్తాయి.

ప్రమాద స్థలంలో చిందిన పురుగుమందు సహాయానికి పరుగెత్తే గ్రామస్తులకు కూడా హాని చేయగలదు. కనుక ఏ మందు, ఎంత పరిమాణంలో ఉన్నదన్న సమాచారం వైద్య, అగ్నిమాపక సిబ్బందికి ముందుగానే అందుబాటులో ఉంచడం అవసరం.

వ్యవసాయ విమానం రైతు పంటను కాపాడేందుకు ఏర్పడిన సాధనం. దానిని నడిపే మనిషి భద్రతకు కావలసినవి ఒక తూకం, ఒక ఉష్ణమాపకం, గాలిని చూపే ఒక గుడ్డసంచి, రన్‌వే నడుమ ఒక గుర్తు, వీటన్నిటికీ మించి "ఈ మోత ఎక్కువైంది, తగ్గించండి" అన్న మాటను మన్నించే యాజమాన్యం.